పన్నెండు పదికి బస్సు. ఏ రాత్రి?

శనివారం రాత్రి మా మామయ్య అన్నం తిని, బ్యాగు సర్దుకుని, పదకొండున్నరకల్లా నెల్లూరు అయ్యప్పగుడి సెంటర్‌లో నిలబడ్డాడు. హైదరాబాదు బస్సు కోసం. టికెట్టు మీద శనివారం తేదీ, టైం 12:10 ఏఎం. పన్నెండున్నరైనా బస్సు జాడ లేదు. ఫోన్ చేస్తే ట్రావెల్స్ కుర్రాడు, "మీ బస్సు నిన్న రాత్రే పోయింది అంకుల్, ఏఎం అని రాసుంది కదా, చూసుకోలేదా?" అన్నాడంట. డబ్బులు రావు, సరే. ఆ "చూసుకోలేదా" మాత్రం నాకు తగిలింది. ఎందుకంటే టికెట్టు బుక్ చేసింది నేను. చూసుకునే చేశాను. నాకూ అది శనివారం రాత్రి బస్సులాగే కనిపించింది.

"ఏందిరా, ఇంత చదువుకున్నావు" అని మామయ్య ఒక్క మాటే అన్నాడు.

ఈ బాధ మా చుట్టాల గ్రూపులో చెప్పుకుంటే ఒకాయన వెంటనే ఓ ఫార్వర్డ్ పడేశాడు. ఏఎం అంటే "ఆరోహణం మార్తాండస్య", పీఎం అంటే "పతనం మార్తాండస్య", ఇంగ్లీషువాళ్లు మన దగ్గర్నుంచి ఎత్తుకుపోయారు అని. ఇది మీకూ పదిసార్లు వచ్చుంటుంది. శుద్ధ అబద్ధం. ఏఎం, పీఎం లాటిన్ మాటలు: ఆంటే మెరీడియెమ్, పోస్ట్ మెరీడియెమ్. ఆంటే అంటే ముందు, పోస్ట్ అంటే తర్వాత. మెరీడియెస్ అనే మాట 'మధ్య' అని అర్థమొచ్చే మేడియస్, 'పగలు' అని అర్థమొచ్చే దియెస్ కలిసి అయింది. అంటే పగటి నడిమి. మన మధ్యాహ్నం కూడా అంతే కదా, మధ్య, అహ్నం. పైగా మేడియస్, మధ్య అనే రెండు మాటలూ నిజంగానే ఒక పాత భాషలోంచి చీలి వచ్చిన అక్కచెల్లెళ్లు. నిజం చుట్టరికం ఇంత బాగుంటే మళ్లీ మార్తాండుణ్ణి లాక్కురావడం దేనికో! ఇదే మాట గ్రూపులో రాస్తే "నీకు మన సంస్కృతి అంటే చిన్నచూపు" అన్నారు.

ఇంగ్లీషులో ఓక్లాక్ అంటారే, అది 'ఆఫ్ ద క్లాక్' అరిగి మిగిలిన ముక్క. ఆ క్లాక్ అనే మాట పుట్టింది లాటిన్ క్లోక్కా నుంచి. క్లోక్కా అంటే గంట, మోగే గంట. మనం "ఎన్ని గంటలైంది?" అని అడిగేది కూడా గంట ఎన్నిసార్లు కొట్టారనే. నూన్ కథ ఇంకా తమాషా. లాటిన్‌లో నోనా అంటే తొమ్మిదోది, పొద్దు పొడిచాక తొమ్మిదో గంట. మన లెక్కలో మూడో జాము ముగిసే వేళ, అంటే పగలు మూడు. చర్చిల్లో ఆ వేళకు చేసే ప్రార్థన పేరు కాలక్రమాన వెనక్కి జరిగి జరిగి పన్నెండు దగ్గర కూర్చుంది.

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. ఏఎం అంటే మిట్టమధ్యాహ్నానికి ముందు, పీఎం అంటే తర్వాత. మరి సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఏమిటి? ముందూ కాదు, తర్వాతా కాదు. అర్ధరాత్రి పన్నెండో? పోయిన మధ్యాహ్నానికి పన్నెండు గంటల తర్వాత, రాబోయే మధ్యాహ్నానికి పన్నెండు గంటల ముందు. ఏదన్నా తప్పు కాదు. అమెరికా ప్రభుత్వ ముద్రణాలయం వాళ్ల నియమావళిలోనే 2000 కూర్పు దాకా అర్ధరాత్రిని 12 పీఎం అని రాసి, 2008లో తిరగేశారు. వాళ్ల కొలతల సంస్థ అయితే పన్నెండు దగ్గర ఈ అక్షరాలు వాడొద్దు, నూన్ అనో మిడ్‌నైట్ అనో రాయండి అంటుంది. మా మామయ్యకు తెలియకపోవడం వింతా?

ఇంకో చిన్న లెక్క. మన స్టాండర్డ్ టైం 82.5 డిగ్రీల రేఖాంశానిది, కాకినాడ దగ్గరగా పోయే గీత. నెల్లూరు, ఒంగోలు రెండూ 80 డిగ్రీల అంచునే ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున, సగటున మన నడినెత్తికి సూర్యుడొచ్చేసరికి 12:10 అవుతుంది. 1906 జనవరి 1న స్టాండర్డ్ టైం రాకముందు రైళ్లు నడిచిన మద్రాసు టైమే మన ఎండకు దగ్గర. కాబట్టి ఆ లాటిన్ మాటనే పట్టుకుంటే, పగలు పన్నెండూ అయిదుకు నెల్లూరులో చాలా రోజులు ఇంకా ఏఎమ్మే!

సరే, ఇది పరాచికం. బస్సు పోవడానికి అసలు కారణం తేదీ. పంచాంగంలో వారం మారేది సూర్యోదయంతో. మన నోట్లోనూ అంతే. శుక్రవారం రాత్రి అంటే కోడి కూసేదాకా శుక్రవారం రాత్రే. గడియారానికేమో పన్నెండు దాటగానే శనివారం. రైల్వే వాళ్లలాగా 00:10 అని రాస్తే ఏఎం గొడవ పోతుంది కానీ ఈ చిక్కు పోదు. టికెట్టు మీద "శుక్రవారం అర్ధరాత్రి, తెల్లారితే శనివారం" అని ఒక్క ముక్క వేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? ఇన్నిన్ని ఆఫర్లు, కూపన్లు అచ్చేయడానికి చోటుంది కదా.

నిన్న మళ్లీ మామయ్యకు టికెట్టు బుక్ చేశాను. పన్నెండూ ఇరవైకి. ఆయన టైం అడగలేదు, తేదీ అడగలేదు. "ఏ రోజు రాత్రి అన్నం తిని బయల్దేరాల్రా?" అన్నాడు. చెప్పేముందు నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.