నంబరు రాసుకుని వదిలేయండి

కిందటేడు ఆగస్టులో ఒక సాయంత్రం అమ్మను గుడికి తీసుకెళ్లి ఇంటికి తిరిగొస్తున్నాను. అమ్మ తెనాలి నుంచి వచ్చి అప్పటికి నెల కూడా కాలేదు. ఒడిలో ప్రసాదం డబ్బా పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మా ఇంటికి తిరిగే ఎడమ మలుపు దగ్గర పచ్చ బాణం పడింది. బ్రేకు మీంచి కాలు తీయబోతుంటే ఎక్కడో సైరన్ వినిపించింది. ఏ వైపు నుంచో తెలియలేదు. ఆగిపోయాను. వెనక కారతను హారన్ కొట్టాడు. అంతలోనే బూడిద రంగు కారొకటి ఎర్ర లైటును దాటుకుని మా ముందు నుంచి దూసుకుపోయింది. దాని గాలికి మా కారు ఊగింది. దాని వెనకే రెండు పోలీసు బండ్లు. అంతా కలిపి నాలుగైదు సెకన్లు. అమ్మ ఉలిక్కిపడ్డ ఊపుకి డబ్బా కిందపడి, పులిహోర కాళ్ల కింది మ్యాటు నిండా చెల్లాచెదురైంది.

“ఎవర్నన్నా చంపి పారిపోతున్నాడంట్రా?” అంది అమ్మ, కాసేపటికి తేరుకుని.

రెండు రోజుల తర్వాత తెలిసింది, అది దొంగిలించిన కారని. పోలీసులకు ఆ రోజు దొరకలేదు. తర్వాత పక్క ఊళ్లో ఒక అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో వదిలేసి ఉంటే తెచ్చుకున్నారు. ఆ సంగతి చెబితే అమ్మ నమ్మలేదు. “కారు కోసమా?” అని రెండుసార్లు అడిగింది. నేను ఆ పచ్చ బాణాన్ని నమ్ముకుని ముందుకు పోనిచ్చి ఉంటే, ఆ కారు తగిలేది అమ్మ కూర్చున్న వైపే.

పారిపోయే కారును పోలీసులు వెంటాడటం, అంటే ఛేజ్, గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కారులో ఉన్నవాడు మనిషిని కాల్చి వస్తున్నా, పిల్లను ఎత్తుకుపోతున్నా, వాణ్ణి ఈ క్షణాన ఆపకపోతే ఇంకో ప్రాణం పోతుందనిపించినా వెంటపడాల్సిందే. ఆ పోలీసుకు నేను దారి వదిలి దండం పెడతాను. మిగతా వాటన్నిటికీ నంబరు రాసుకుని, రేడియోలో చెప్పి, లైట్లు ఆర్పేసి వెనక్కి తిరగాలి. వదిలేయడమంటే క్షమించేయడమని కాదు. మన వాషింగ్టన్ రాష్ట్రంలో పోలీసు ఆపమంటే ఆపకుండా నిర్లక్ష్యంగా నడిపి పారిపోవడమే ఒక ఫెలనీ, అంటే పెద్ద నేరం. ఆ కేసు రేపు పెట్టొచ్చు, ఎల్లుండి పెట్టొచ్చు.

సియాటెల్ తెలుగువాళ్లం పోలీసు బండి వేగం గురించి మాట్లాడుతూ డెక్స్టర్ ఎవెన్యూను తలుచుకోకుండా ఉండలేం. 2023 జనవరి 23 రాత్రి, ఆదోని నుంచి ఎం.ఎస్. చదవడానికొచ్చిన 23 ఏళ్ల అమ్మాయి అక్కడ జీబ్రా గీతల మీద రోడ్డు దాటుతోంది. అది గంటకు 25 మైళ్ల వీధి. 74 మైళ్ల దాకా వేగం అందుకున్న పోలీసు బండి ఆమెను గుద్దింది. అది ఛేజ్ కాదు, ఎవరో మత్తుమందు ఎక్కువై పడిపోయారన్న పిలుపు మీద వెళ్తున్న బండి. కానీ ఆ అమ్మాయి ప్రాణం తీసింది ఏదో, ఛేజుల్లో ప్రాణాలు తీస్తున్నదీ అదే, ఆ వేగం.

ఒక్కసారి లెక్క చూడండి. 25 మైళ్ల వేగంతో పోయే బండి సెకనుకు సుమారు 37 అడుగులు కదులుతుంది. 74 మైళ్ల మీద 108 అడుగులు. ఢీకొన్నప్పటి శక్తి దాదాపు 9 రెట్లవుతుంది. దానికన్నా నన్ను వేధించేది ఇంకోటుంది. రోడ్డు దాటే మనిషి దూరంగా హెడ్‌లైట్లు చూసి, ఆ వీధిలో బండ్లు రోజూ ఎంత వేగంతో వస్తాయో మనసులో వేసుకునే అడుగు వేస్తుంది. ఆమె లెక్క తప్పు కాదు. ఆ వీధికి సరిపోని వేగంతో ఒక బండి వచ్చింది, అంతే. ఛేజ్‌లో అలాంటి బండ్లు ఒకటి కాదు, ముందొకటి, వెనక రెండు మూడు. మొదటి బండి పోయిందని ఊపిరి పీల్చుకుని రోడ్డు మీద అడుగుపెట్టేవాళ్లకు వెనకవి వస్తున్నాయని తెలియదు.

ఆమె పోయిన తర్వాత ఒక పోలీసు అధికారి ఫోన్‌లో నవ్వుతూ, ఆమె విలువ పరిమితమేనని అన్న మాటలు అతని బాడీ కెమెరాలోనే రికార్డయ్యాయి. 2024లో అతని ఉద్యోగం పోయింది. బండి నడిపిన అధికారి మీద ఫెలనీ కేసు పెట్టబోమని ప్రాసిక్యూటర్లు తేల్చారు. 2025 జనవరిలో అతన్నీ తీసేశారు. ఇవన్నీ జరిగాక కూడా నేను ఆ కూడలి మీదుగా వెళ్లినప్పుడల్లా ఆ 74 అంకె దగ్గరే ఆగిపోతాను.

మా పక్కింటాయన హనుమకొండ వాడు, నన్ను తమ్ముడిలా చూస్తాడు. ఈ విషయం ఎత్తితే మాత్రం ఆయనకు కోపం ఆగదు. 2022లో వాళ్లింటి ముందు నుంచే కారు ఎత్తుకుపోయారు. “దొంగ కండ్ల ముంగటే పోతుంటె పోలీసాయన చేతులు కట్టుకొని నిల్చుండుడేంది తమ్మీ? ఇయ్యాల కారు కొట్టిండు, రేపు ఇంట్ల సొచ్చి బంగారం కొడ్తడు” అంటాడు. ఆ కోపాన్ని నేను తీసిపారేయలేను. మన ఇళ్లలో బంగారం ఉంటుందని దొంగలకూ తెలుసు. పెళ్లికో పండక్కో నగలు లాకరు నుంచి ఇంటికి తెచ్చుకున్న రాత్రి మా ఆవిడకు కంటిమీద కునుకుండదు.

ఆయన కోపం ఆ రోజుల్లో ఈ రాష్ట్రమంతా ఉంది. 2021లో వాషింగ్టన్ శాసనసభ ఛేజుల మీద గట్టి కట్టడి పెట్టింది. హింసాత్మక నేరమో లైంగిక నేరమో చేశాడనడానికి బలమైన ఆధారం ఉంటేనో, తాగి నడుపుతున్నాడన్న అనుమానం ఉంటేనో తప్ప వెంటపడొద్దంది. పోలీసులు ఆపమన్నా ఆగకుండా పోయేవాళ్లు పెరిగారని పోలీసు అధికారులు మొత్తుకున్నారు. 2023లో చట్టాన్ని కొంచెం సడలించారు. 2024 మార్చిలో ఇనిషియేటివ్ 2113ను, అంటే జనం సంతకాలతో వచ్చిన ప్రతిపాదనను, శాసనసభ ఆమోదించింది. ఆ జూన్ నుంచి ఏ నేరం మీదైనా సహేతుకమైన అనుమానం ఉంటే, ఆ మనిషి వల్ల ఇతరులకు ముప్పుందనుకుంటే, పట్టుకోకపోవడం వల్ల వచ్చే ప్రమాదం వెంటాడటం వల్ల వచ్చే ప్రమాదం కన్నా ఎక్కువనిపిస్తే వెంటపడొచ్చు. కాగితం మీద ఇదీ బాగానే ఉంది. కానీ ఆ తూకం వేయాల్సింది ఎవరు? రక్తం ఉరకలేస్తూ 80 మైళ్ల మీద స్టీరింగ్ పట్టుకున్న మనిషి, రెండు మూడు సెకన్లలో.

కార్ల దొంగతనాలు పెరిగింది ఛేజులు ఆగినందువల్లేనా? మా పక్కింటి అన్నతో నేను వాదించేది ఇక్కడే. అదే సమయంలో దేశమంతటా కియా, హ్యుందయ్ కార్లు తెగ పోయాయి. ఆ కంపెనీలు చాలా మోడళ్లలో ఇమ్మొబిలైజర్, అంటే అసలు తాళం లేకుండా ఇంజను స్టార్ట్ కానివ్వని పరికరం, పెట్టలేదు. యూఎస్‌బీ కేబుల్‌తో స్టార్ట్ చేసే కిటుకును కుర్రాళ్లు టిక్‌టాక్‌లో చూసి నేర్చుకున్నారు. ఛేజ్ చట్టం మారని రాష్ట్రాల్లోనూ అదే గోల. 2023 జనవరిలో సియాటెల్ నగరమే ఆ కంపెనీల మీద కోర్టుకెక్కింది. తాళం సరిగ్గా లేని కారు పోయిందని, దాని వెనక మనుషుల ప్రాణాలను పరుగెత్తించడం ఏం న్యాయం?

ఆ స్టీరింగ్ వెనక ఎవరుంటారో కూడా ఆలోచించాలి. చాలాసార్లు పదహారు, పదిహేడేళ్ల పిల్లలు. పక్క సీట్లో, వెనక సీట్లో వాడి స్నేహితులు. కారు దొంగదని తెలియకుండా ఎక్కినవాళ్లూ వాళ్లలో ఉంటారు.

శాన్ ఫ్రాన్సిస్కో క్రానికల్ పత్రిక 2017 నుంచి 2022 దాకా దేశంలో జరిగిన ఛేజులను కూర్చి లెక్క తీస్తే, చనిపోయినవాళ్లు కనీసం 3,336 మంది అని తేలింది. వాళ్లలో 551 మందికి ఆ ఛేజ్‌తో ఏ సంబంధమూ లేదు. దారిన పోతున్నవాళ్లు. పచ్చ లైటు పడిందని కదిలినవాళ్లు.

దక్షిణ కరోలినా యూనివర్సిటీలో జెఫ్రీ ఆల్పర్ట్ అనే ప్రొఫెసర్ దశాబ్దాలుగా దీని మీదే పని చేస్తున్నారు. 1990లలో ఆయన పారిపోయి పట్టుబడ్డ 146 మందిని కూర్చోబెట్టి అడిగారు. పోలీసులు వెనక పడటం మానేసి ఉంటే వేగం తగ్గించేవాళ్లమని వాళ్లలో 70 శాతానికి పైగా చెప్పారు. అద్దంలో నీలం లైట్లు కనబడినంతసేపే ఆ వెర్రి. ఆయన అధ్యయనంలోనే ఇంకో సంగతి ఉంది. మయామీ ప్రాంతంలో 1992లో హింసాత్మక ఫెలనీలకే ఛేజ్ అని రూలు పెడితే, ఏడాదికి 279 ఉన్న ఛేజులు మరుసటి ఏడాదికి 51కి పడిపోయాయి. ఒమాహాలో 1993లో రూలు సడలిస్తే 17 ఉన్నవి 122 అయ్యాయి. పోలీసులు అవే ఊళ్ల పోలీసులు, డ్రైవర్లు అవే ఊళ్ల డ్రైవర్లు. మారింది చేతిలోని కాగితం ఒక్కటే.

సుప్రీం కోర్టు ఏమంది అని అడుగుతారు. 2001లో జార్జియాలో ఒక 19 ఏళ్ల కుర్రాడు 55 మైళ్ల రోడ్డు మీద 73తో పోతున్నాడని ఆపబోయారు. ఆగలేదు. చివరికి పోలీసు తన బండితో వెనక నుంచి గుద్దాడు. కారు పల్టీ కొట్టి, ఆ అబ్బాయికి మెడ కింద శరీరమంతా చచ్చుబడిపోయింది. 2007లో స్కాట్ వర్సెస్ హారిస్ కేసులో కోర్టు 8–1 తేడాతో పోలీసు చేసింది రాజ్యాంగ విరుద్ధం కాదంది. వేగం పెంచి ప్రమాదకరంగా నడిపినవాణ్ణల్లా వదిలేయాలనే రూలు పెడితే అందరూ అదే పని చేస్తారన్నది మెజారిటీ వాదన. దానిలో బలం లేకపోలేదు. కాని విభేదించిన జస్టిస్ స్టీవెన్స్ ఒక చిన్న సంగతి ఎత్తిచూపారు: పోలీసుల దగ్గర ఆ కారు నంబరు ఉంది. మొదటి నుంచీ ఉంది. కోర్టు చెప్పింది ఆ పని చేయొచ్చని మాత్రమే. చేయాలా వద్దా అన్నది మన ఊళ్లు రాసుకునే రూలు.

నన్ను నిజంగా తికమక పెట్టేది తాగి నడిపేవాడి విషయం. వాడు పోలీసు రాకముందే ప్రమాదం. వదిలేస్తే ఇంకో మైలు అవతల ఎవర్ని గుద్దుతాడో తెలియదు. వెంటపడితే తూలుతూ 45తో పోతున్నవాడు తూలుతూనే 90 అందుకుంటాడు. 2021 చట్టం కూడా తాగినవాణ్ణి వెంటాడటానికి ఒప్పుకుంది. నా మనసు ఇక్కడ ఇప్పటికీ రెండు వైపులా లాగుతోంది. ఖాళీ హైవే మీద రాత్రి రెండింటికి ఒక మాట, బడి వదిలే వేళ ఊరి మధ్యలో ఇంకో మాట అని ప్రస్తుతానికి అనుకుంటున్నాను.

2024 ఏప్రిల్ 29 రాత్రి కెనడాలో టొరంటో దగ్గర విట్బీలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. మద్యం దుకాణంలో దోపిడీ చేసిన మనిషి పారిపోతూ 401 హైవే ఎక్కి, ఎదురొచ్చే బండ్లలోకి తప్పు దారిన పోయాడు. పోలీసులూ అదే తప్పు దారిన వెంటపడ్డారు. ఎదురుగా వచ్చిన ఒక కుటుంబం కారులో మూడు నెలల మనవడు, మనవణ్ణి చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన తాత, నానమ్మ పోయారు. పారిపోతున్నవాడూ పోయాడు. విజిటర్ వీసా మీద అమ్మానాన్నల్ని రప్పించుకుని, కారు వెనక సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పే మనందరికీ ఆ కారు తెలిసిన కారే.

వెంటపడకుండా పట్టుకునే దారులు ఇప్పుడు చాలా ఉన్నాయి. సియాటెల్ ఉన్న కింగ్ కౌంటీ పోలీసు విభాగానికి, అంటే షెరిఫ్‌కు, గార్డియన్ వన్ హెలికాప్టర్ ఉంది. పోలీసు బండి ముందు భాగం నుంచి జీపీఎస్ బిళ్లను ఎదుటి కారుకు అంటుకునేలా విసిరే పరికరాలున్నాయి. అది అతుక్కుంటే వెనకబడి నెమ్మదిగా పోవచ్చు. కూడళ్లలో నంబరు చదివే కెమెరాలున్నాయి. దొంగ నంబరు ప్లేటు పెట్టుకుంటే ఏం చేస్తారని మా అన్న అడుగుతాడు. నిజమే, కొందరు ఆ రోజు తప్పించుకుపోతారు. ఆ నష్టాన్ని నేను ఒప్పుకునే మాట్లాడుతున్నాను. పోయిన కారుకు ఇన్సూరెన్స్ ఉంటుంది.

మా అబ్బాయి ఈ మధ్యే లైసెన్స్ పర్మిట్ తీసుకున్నాడు. వాడికి నేను పెట్టిన మొదటి రూలు, పచ్చ లైటు పడ్డా సైరన్ వినిపిస్తే కదలొద్దు, ఒక బండి పోయాక రెండోది ఉందో లేదో చూడు అని. రెండోది, స్నేహితుడి కారులో ఉండగా వెనక పోలీసు లైట్లు వెలిగితే ఆపమని అరిచి చెప్పు, ఆపితే ఎంత రాత్రైనా నేనొచ్చి తీసుకెళ్తాను, ఒక్క మాట అనను అని.

ఇక మనం చేయాల్సిన పని. ఛేజ్ ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి, ఆపమని చెప్పే అధికారం ఎవరిది అన్నది ప్రతి పోలీసు డిపార్ట్‌మెంట్ దగ్గరా రాసి ఉంటుంది. రాష్ట్ర చట్టం వీలిచ్చినదాని కన్నా గట్టి రూలు పెట్టుకునే స్వేచ్ఛ ఊళ్లకుంది. చాలా ఊళ్లు ఆ పాలసీని వెబ్‌సైట్‌లోనే పెడతాయి, లేకపోతే పబ్లిక్ రికార్డుల చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. మా ఊరిది నేను తెప్పించుకుని చదివాను. వచ్చే కౌన్సిల్ సమావేశంలో మాట్లాడటానికి పేరిచ్చాను, మూడు నిమిషాలు ఇస్తారట. మా అన్న కూడా వస్తానన్నాడు, నాకు ఎదురు మాట్లాడటానికే. రానివ్వండి, ఆయన మాటా అక్కడ వినబడాలి. మీరు బాతెల్‌లో ఉన్నా, రెడ్‌మండ్‌లో ఉన్నా, కెంట్‌లో ఉన్నా మీ ఊరి పాలసీ కాపీ సంపాదించి నాకు పంపండి. ఏ ఊరు ఏమంటోందో తెలుగులో రాసి వచ్చే సంచికలో పెడతాను.