తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయి?

మియాపూర్ నుంచి మణికొండ దాకా ఏ టు-లెట్ బోర్డు చూసి గేటు లోపలికి వెళ్లినా ఎదురయ్యేవి ఆ పాత ప్రశ్నలే. ఫ్యామిలీనా, బ్యాచిలర్సా? ఏ ఊరు? మీరేంట్లు? నాన్‌వెజ్ వండుతారా? వీటికి ఏ జవాబు వచ్చినా ఆ మనిషి అయిదో తారీఖుకల్లా అద్దె వేస్తాడో లేదో తెలియదు. కులం అడిగి ఇల్లివ్వడం అన్యాయం. యజమాని లెక్కలో చూసినా అది దండగ పనే, ఎందుకంటే అడగాల్సినవి అడక్కుండానే మాటలు ముగిసిపోతున్నాయి.

దీన్ని మించిన పొరపాటు ఇంకొకటి ఉంది. డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటూ కొండాపూర్ ఫ్లాటును అద్దెకిచ్చే యజమాని, దిగబోయేవారి గురించి గట్టిగానే ఆరా తీయిస్తాడు. తన తరఫున ఇల్లు చూసుకుంటూ ఆ ఆరా తీసే మేనేజరు గురించి మాత్రం ఎవరినీ అడగడు. అద్దెకున్న మనిషి ఎంత మొండికేసినా పోయేది కొన్ని నెలల అద్దె. తాళాలు, అడ్వాన్సు, సంతకం చేసే అధికారం మూడూ ఒక్కరి చేతిలో పెడితే పోయేదానికి లెక్క ఉండదు. అందుకే వడపోత మేనేజరుతో మొదలుకావాలి.

అద్దెకు వచ్చేవారిని చూసుకోవడం రెండు రోజుల పని. పేస్లిప్పును ఎవరైనా దిద్దేయగలరు కాబట్టి మూడు నెలల జీతం జమలు వాళ్ల ఫోన్‌లోని బ్యాంకు యాప్‌లోనే చూపించమనాలి. అద్దె, మెయింటెనెన్స్ కలిపి చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటితే ఒకసారి ఆగాలి. ఆధార్ జిరాక్సును నమ్మకుండా దాని మీది క్యూఆర్ కోడ్‌ను ఆధార్ యాప్‌తో స్కాన్ చేయాలి. ఫైల్లో పెట్టుకోవడానికి చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. ఇప్పుడున్న ఇంటి ఓనరు వాళ్లను వదిలించుకునే తొందరలో ఉంటే మంచివాళ్లనే చెబుతాడు, కాబట్టి ఫోన్ చేయాల్సింది అంతకుముందు ఇంటి ఓనరుకు. ఆ నంబరు ఓనరుదో, స్నేహితుడిదో తేలాలంటే "మీది మూడో అంతస్తే కదా" అని కావాలనే తప్పు చెప్పి చూడాలి. అసలు ఓనరైతే వెంటనే సరిదిద్దుతాడు. అడ్వాన్సు దిగబోయే మనిషి సొంత ఖాతా నుంచే రావాలి. పోలీసు వెరిఫికేషన్ తప్పకుండా చేయించాలి. అయితే అది కేసులున్నాయో లేవో చెబుతుందంతే, అద్దె ఎగ్గొట్టే అలవాటు ఏ స్టేషన్ రికార్డులోనూ ఉండదు.

ఇక మేనేజరు సంగతి. ముందు అతని ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. నెలకు 30,000 అద్దె వచ్చే ఫ్లాటు అనుకుందాం. అద్దెలో 8 శాతం ఫీజంటే నెలకు 2,400, ఏడాదికి 28,800. కొత్తవారిని తెచ్చినప్పుడు ఒక నెల అద్దె కమీషనంటే ఒక్కసారికే 30,000. అంటే పదకొండు నెలలకోసారి ఇల్లు చేతులు మారితే అతని రాబడి దాదాపు రెట్టింపవుతుంది. అదే మార్పులో యజమానికి ఒక నెల ఇల్లు ఖాళీగా ఉండి 30,000, కమీషన్ 30,000, చదరపు అడుగుకు 3 రూపాయల చొప్పున 1,400 అడుగుల ఫ్లాటుకు ఆ నెల మెయింటెనెన్స్ 4,200 పోతాయి. రంగుల ఖర్చు పక్కన పెట్టినా మొత్తం 64,200. కొత్తవారు 5 శాతం ఎక్కువిస్తున్నారని మేనేజరు ఊరిస్తాడు. ఆ పెరిగిన 1,500తో ఈ నష్టం పూడాలంటే మూడున్నరేళ్లు పడుతుంది! బాగా ఉన్న కుటుంబం ఎందుకు ఖాళీ చేసిందో అర్థంకాని యజమానులు ముందు ఈ లెక్క వేసుకోవాలి. మేనేజరుతో ఒప్పందంలోనే మందు ఉంది: అతను తెచ్చినవారు 22 నెలలు నిండకుండా వెళ్లిపోతే రెండోసారి కమీషన్ ఉండదని రాయించాలి.

రెండోది, ఖాళీగా ఉందని చెప్పి ఇంట్లో మనుషులను పెట్టడం. దీన్ని పట్టుకోవడానికి హైదరాబాద్ రావక్కర్లేదు. కరెంటు బిల్లు మీది యూఎస్‌సీ నంబరును (కనెక్షన్ నంబరు) కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ సైట్లో కొడితే నెలవారీ వాడకం కనిపిస్తుంది. మెయిన్ కట్టేసిన ఇంట్లో మీటరు కదలదు. ఫ్రిజ్ ఒక్కటే నడుస్తుంటే నెలకు ముప్ఫై యూనిట్ల లోపో, కాస్త అటూ ఇటో. నూట యాభై దాటిందంటే లోపల వంట జరుగుతోంది, గీజరు నడుస్తోంది, ఎవరో నిద్రపోతున్నారు. చూడాల్సింది రూపాయలు కాదు, యూనిట్లు. 2024 మార్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద అర్హులకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వస్తోంది, అద్దెకున్నవారికి కూడా. సున్నా చూసి ఇల్లు ఖాళీ అనుకుంటే మోసపోయినట్టే.

రిపేర్ల బిల్లుల్లోనూ ఇదే తంతు. బోరు నీళ్లకు సున్నం పట్టి గీజరు ఎలిమెంట్ కాలిపోవడం నగరంలో మామూలే. ఎలిమెంట్ మారిస్తే వందల్లో పోతుంది, గీజరే మార్చామంటే వేలు రాయొచ్చు. ఇల్లు అప్పగించిన రోజే గీజరు, ఏసీ, చిమ్నీల సీరియల్ నంబర్లకు ఫొటోలు తీసి ఒప్పందానికి జత చేస్తే ఈ దారి మూసుకుపోతుంది. 2,000 దాటిన ఏ పనికైనా ముందు వాట్సాప్‌లో అనుమతి, పని తర్వాత తీసేసిన పాత పార్టు ఫొటో, షాపు బిల్లు కావాలి. ఇవి లేకపోతే డబ్బు ఇవ్వకూడదు.

బెంగళూరులో పదేపదే బయటపడిన మోసం మరీ ఘోరమైంది. అక్కడ నెలవారీ అద్దె లేకుండా లక్షల్లో ఒకేసారి డిపాజిట్ తీసుకునే లీజు పద్ధతి ఉంది. మధ్యవర్తి యజమానికి అద్దెకిచ్చానంటాడు, లోపల దిగిన కుటుంబానికి లీజుకిచ్చానంటాడు. వాళ్లిచ్చిన లక్షల్లోంచే యజమానికి కొన్ని నెలలు అద్దె పంపి, ఆ తర్వాత మాయమవుతాడు. యజమాని అద్దె రాలేదని తలుపు కొడితే లోపలి కుటుంబం తన డిపాజిట్ అడుగుతుంది. ఇద్దరూ బాధితులే. దిగబోయేవారితో యజమాని ఒక్కసారి వీడియో కాల్‌లో మాట్లాడి ఒప్పందంలో ప్రతి పేజీ చూసి ఉంటే ఇది జరగదు.

అందుకే అద్దె నేరుగా యజమాని ఖాతాలోకే రావాలి, మేనేజరు తన ఫీజుకు విడిగా బిల్లు ఇవ్వాలి. మేనేజరుకు నగదు ఇస్తే అది అద్దె కింద చెల్లదని ఒప్పందంలోనే ఉండాలి. యజమాని ఎన్ఆర్ఐ అయితే సాధారణంగా అది ఎన్ఆర్ఓ ఖాతా (ఎన్ఆర్ఐలు ఇక్కడి ఆదాయం వేసుకునే ఖాతా) కావాలి, అద్దె ఎంత చిన్నదైనా అద్దెకున్నవారు సాధారణంగా 31.2 శాతం టీడీఎస్ (ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కోయాలి. "నాన్నగారి ఖాతాలో వేయించేద్దాం సార్, ఈ గొడవంతా ఎందుకు" అనే మేనేజరు యజమానినీ, అద్దెకున్నవారినీ పన్ను నోటీసుల ముందు నిలబెడుతున్నాడు.

అన్నిటికన్నా భయపడాల్సింది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే యజమాని తరఫున అన్ని పనులూ చేసే అధికారమిచ్చే పత్రం. అద్దె వసూలుకు, నోటీసులకు, కోర్టులో దావా వేయడానికి ఆ పనులకే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలు. అమ్మకం, తాకట్టు, దానం, అడ్వాన్సు తీసుకోవడం ఇందులో లేవని స్పష్టంగా రాయాలి. విదేశంలో రాసిన కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలన్నది కూడా చాలామంది మరిచిపోతారు.

సొంత బాబాయి కొడుకే చూసుకుంటున్నాడు, అతని దగ్గర కాగితాలు అడిగితే బంధుత్వం చెడుతుందన్నది చాలా ఇళ్లలో వినిపించే మాట. ఆ మొహమాటం నిజమే, కాదనలేం. కానీ లెక్క రాసుకోని చోటే బంధుత్వాలు ఎక్కువ చెడుతున్నాయి. నెలనెలా బిల్లు ఫొటో పంపమంటే నొచ్చుకునే బంధువుకు తాళాలు ఇవ్వకపోవడమే ఇద్దరికీ క్షేమం.

ఇక్కడ ప్రభుత్వాన్నీ నిలదీయాలి. రిజిస్టరైన ప్రాజెక్టుల్లో ఇల్లు అమ్మిపెట్టే ఏజెంటుకు 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అద్దె ఇంటి తాళాలు పెట్టుకునే మనిషి ఆ చట్టం పరిధిలోకే రాడు. తెలంగాణలో అద్దెల చట్టం ఇప్పటికీ 1960 నాటిదే. 2005 సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో 3,500 మించిన అద్దెలు దాని కిందికి రావు, అంటే నేటి ఫ్లాట్లు దాదాపు అన్నీ బయటే. ఖాళీ చేయించాలంటే సాధారణంగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద 15 రోజుల నోటీసిచ్చి సివిల్ కోర్టుకెక్కాలి. కోర్టంటే ఏళ్లన్న భయం యజమానిది. ఆ భయాన్నే మేనేజరు అమ్ముకుంటున్నాడు. "మన మనుషులున్నారు, ఖాళీ చేయించే పూచీ నాది" అని అతను హామీ ఇస్తాడు. దానర్థం కరెంటు పీకడం, నీళ్లు ఆపడం, ఇంటి ముందు నలుగురిని నిలబెట్టడం. ఆడపిల్లలు కలిసి ఉండే ఫ్లాటు మీద ఈ దౌర్జన్యం జరిగితే తన పేరున జరిగిందని యజమానికి తెలియను కూడా తెలియదు.

2021 జూన్‌లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో దీనికి దారి ఉంది. మేనేజరు ఏయే పనులు చేయొచ్చో అందులో రాశారు, హద్దు దాటితే అతన్ని తొలగించే, ఖర్చులు రాబట్టే అధికారం రెంట్ కోర్టుకిచ్చారు. నీళ్లు, కరెంటు ఆపడం నిషేధించారు. ఇంటి అడ్వాన్సుకు రెండు నెలల హద్దు పెట్టారు. గడువు దాటాక కదలనివారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్లు అద్దె కట్టాలి. ఇరుపక్షాలకూ భరోసా ఇచ్చే ఈ నిబంధనలను తెలంగాణ శాసనసభ ముందుకు తెచ్చి చట్టం చేయాలి.

ఆ నమూనాలోని ఒక నియమాన్ని చట్టం వచ్చేదాకా ఆగకుండా ఎవరైనా ఈ నెలే అమలు చేయొచ్చు. మేనేజరు పేరు, యజమాని అతనికి అధికారమిచ్చినట్టు రుజువు, ఏయే పనులకు, ఏ తేదీ వరకు అన్నవి ఒక కాగితం మీద రాసి యజమాని సంతకంతో అద్దెకున్నవారికి ఇవ్వాలి. ఒక కాపీ అపార్ట్‌మెంట్ సెక్రటరీకి పంపాలి. మేనేజరును మార్చిన రోజునే ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పి, తలుపు తాళం సిలిండర్ మార్పించాలి.