స్థలం: మెయిన్ రోడ్డు దగ్గర

ప్రమాదాల రికార్డు ఏది తిరగేసినా కారణం గడిలో అదే మాట, "డ్రైవర్ నిర్లక్ష్యం". స్థలం గడిలో "మెయిన్ రోడ్డు దగ్గర". ఏ మలుపు? వీధిదీపం వెలిగిందా? అక్షాంశ రేఖాంశాలు రాయకపోతే ఒకే మలుపులో జరిగిన ఐదు ప్రమాదాలు కాగితం మీద ఐదు చోట్లవుతాయి. ఇక ఎక్కడని బాగుచేస్తారు?

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదకు వెళ్లేలోపే అంత దూరం అయిపోతుంది. ఆగడానికి, పొడి రోడ్డయినా, ఇంకో అంత కావాలి. అదే 30లో అయితే రెండూ కలిపి సుమారు 13 మీటర్లే. అయినా జీబ్రా గీతలను ఆనుకుని కార్లు నిలపనిస్తారు. వాటి చాటు నుంచి వచ్చే పిల్ల డ్రైవరుకు కనబడేదే ఆఖరి క్షణంలో! గీతలకు ముందు ఐదారు మీటర్లు ఖాళీగా ఉంచడానికి నాలుగు ప్లాస్టిక్ స్తంభాలు పాతితే చాలు. అదీ చెయ్యరు.