బొమ్మ మారిస్తే తప్పు మాసిపోతుందా?

'ఈ పత్రంలోని మూడో బొమ్మలో పొరపాటున మరో ప్రయోగం తాలూకు చిత్రం చేరింది. సరైన చిత్రాన్ని ఇక్కడ ఇస్తున్నాం. ఈ మార్పు వల్ల పరిశోధన నిర్ధారణలకు ఎలాంటి భంగం లేదు.' పరిశోధన జర్నళ్లలో సవరణ ప్రకటనలు తరచూ ఈ మూసలోనే వస్తున్నాయి. పొరపాటు ఎలా జరిగిందో అందులో ఉండదు. అసలు చిత్రం ఇన్నేళ్లు ఎక్కడుందో ఉండదు. దాన్ని సంపాదకులు ఎలా సరిచూశారో అసలే ఉండదు. నిర్ధారణలకు భంగం లేదన్న చివరి వాక్యం మాత్రం తప్పకుండా ఉంటుంది. మా అభ్యంతరం ఆ వాక్యం మీదే. సాక్ష్యం తప్పని ఒప్పుకుంటూనే తీర్పు మాత్రం సరైనదేనంటే ఏ న్యాయస్థానమూ వినదు. విజ్ఞానశాస్త్రంలో ఆ మాట రోజూ చెల్లుబాటవుతోంది.

2006లో నేచర్ జర్నల్ ప్రచురించిన అల్జీమర్స్ పత్రం కథ పాఠకులకు తెలిసిందే. ఎలుకల మెదడులో ఒక ప్రత్యేకమైన అమిలాయిడ్ ప్రొటీన్ రూపమే మతిమరుపు తెస్తోందని చెప్పిన ఆ పత్రాన్ని దాదాపు 2,500 ఇతర పత్రాలు ఉదహరించాయి. చిత్రాలను దిద్దిన ఆనవాళ్లు ఉన్నాయని 2022లో సైన్స్ పత్రిక బయటపెట్టింది. ఉపసంహరణ జరిగింది 2024లో. చిత్రాలను తారుమారు చేసిన మాట నిజమేనని ఒప్పుకున్న ప్రధాన పరిశోధకురాలు కూడా, దానివల్ల ప్రయోగాల నిర్ధారణలు మారలేదనే అన్నారు. మళ్లీ అదే వాక్యం. అంత పేరున్న పత్రం విషయం తేల్చడానికే రెండేళ్లు పట్టిందంటే, ఎవరి కంటా పడని మామూలు పత్రాల్లో ఆ వాక్యం ఎన్నిసార్లు గట్టెక్కించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంతకీ ఆ చిత్రాల్లో ఏముంటుంది? జీవశాస్త్రంలో పదే పదే వివాదంలో పడేది వెస్టర్న్ బ్లాట్. కణాల నుంచి తీసిన ప్రొటీన్లను జెల్‌ గడుల్లో పోసి కరెంటు పంపుతారు. చిన్నవి వేగంగా కిందికి జారతాయి, పెద్దవి పైనే ఆగుతాయి. అలా విడిపోయిన వాటిని పల్చటి పొర మీదికి ఎక్కించి, కావలసిన ప్రొటీన్‌కే అతుక్కునే యాంటీబాడీని జోడిస్తే నల్లటి పట్టీలు తేలతాయి. పట్టీ ఎంత ముదురుగా ఉంటే ఆ ప్రొటీన్ అంత ఎక్కువ ఉన్నట్టు. ఒక గడిలో నమూనా ఎక్కువ, మరో గడిలో తక్కువ పోస్తే ఈ లెక్కంతా తలకిందులవుతుంది. అందుకే ఆక్టిన్, ట్యుబులిన్ లాంటి, అన్ని నమూనాల్లోనూ ఇంచుమించు ఒకే మోతాదులో ఉండే ప్రొటీన్‌ను కూడా చూపాలి. దీన్ని లోడింగ్ కంట్రోల్ అంటారు. అది అన్ని గడుల్లో సమానంగా ఉన్నప్పుడే పై వరుసలోని తేడాకు అర్థం ఉంటుంది.

అరువు తెచ్చి అతికించడానికి అనువైనది ఈ కంట్రోల్ పట్టీయే. ఏ ప్రయోగంలోనైనా అది ఒకేలా కనిపిస్తుంది కాబట్టి సమీక్షకుల చూపు దాని మీద నిలవదు. పాత పట్టీని కుడి ఎడమలు తిప్పడం, అడ్డంగా సాగదీయడం, వెలుగు పెంచి నేపథ్యాన్ని చెరిపేయడం, రెండు గడులు కోసి పక్కపక్కన పెట్టడం... అంతా మసిపూసి మారేడుకాయ చేసే పనే. పట్టుబడేదీ అక్కడే. ఒక పొర మీది దుమ్ము చుక్క ఇంకో పొర మీద సరిగ్గా అదే చోట పడదు. గాలి బుడగ వదిలిన తెల్లటి గుండ్రటి మచ్చ, పట్టీ చివర తోకలా సాగిన వంపు, నేపథ్యంలోని గరుకుదనం, ఏ రెండు పొరల మీదా ఒకేలా ఉండవు. చిత్రాన్ని కాంట్రాస్ట్ పెంచి చూస్తే కోసిన గీతలు నిటారుగా పైకి తేలతాయి.

అన్నీ మోసాలు కావన్నది నిజం. మాలిక్యులర్ అండ్ సెల్యులర్ బయాలజీ జర్నల్‌లో 2009 నుంచి 2016 దాకా వచ్చిన 960 పత్రాలను జల్లెడ పడితే 59 పత్రాల్లో చిత్రాలు పునరావృతమైనట్టు తేలింది. 41 పత్రాలను సవరణతో సరిదిద్దారు. 5 ఉపసంహరించారు. 13 పత్రాల విషయంలో ఏ చర్యా తీసుకోలేదు. ఎక్కువ భాగం బొమ్మలు కూర్చేటప్పుడు దొర్లిన పొరపాట్లేనని ఆ అధ్యయనం చేసినవారే చెప్పారు. ఒప్పుకుంటాం. ఒకే ఫోల్డర్‌లో పేర్లు కలిసే వంద ఫైళ్లుంటే పక్క ఫైలు అతుక్కుపోవచ్చు. కానీ ఫైలు దానంతటదే తలకిందులు కాదు, సాగదు, అందులోని మచ్చ ఒక్కటే మాయం కాదు. 1995 నుంచి 2014 వరకు 40 జర్నళ్లలో వచ్చిన 20,621 పత్రాలను సూక్ష్మజీవ శాస్త్రవేత్త ఎలిజబెత్ బిక్ బృందం కళ్లతో చూసి, 3.8 శాతం పత్రాల్లో అనుచితమైన నకళ్లున్నాయని 2016లో ప్రకటించింది. ఆ బృందం ఉన్నదున్నట్టు వాడిన నకళ్లను ఒక వర్గంగా, జరిపి తిప్పినవాటిని మరో వర్గంగా, దిద్దినవాటిని ఇంకో వర్గంగా విడదీసింది. జర్నళ్ల సవరణ ప్రకటనలు మాత్రం మూడింటినీ 'పొరపాటు' అనే ఒక్క మాట కింద కప్పేస్తున్నాయి.

నిజమైన పొరపాటుకు ఒక లక్షణం ఉంది. అసలు చిత్రం ఎక్కడో ఒకచోట ఉంటుంది. ప్రయోగం చేసిన రోజున యంత్రం తీసిన ఫైలు, ల్యాబ్ నోట్‌బుక్‌లో ఆ తేదీ పేజీ, కత్తిరించని పొర మొత్తం ఉంటాయి. వాటిని చూపించి సవరణ కోరితే ఈ పత్రికకు అభ్యంతరం లేదు. జరుగుతున్నది వేరు. పాత డేటా పోయిందంటారు, ల్యాబ్ మారిందంటారు, పని చేసిన విద్యార్థి వెళ్లిపోయాడంటారు. పదేళ్ల తర్వాత ప్రయోగాన్ని మళ్లీ చేసి కొత్త చిత్రం పంపుతారు. సంపాదకులు దాన్ని తీసుకుని పాతదాని స్థానంలో పెడతారు. కొత్త బొమ్మ పాత ప్రయోగానికి సాక్ష్యం కాదు. ఏ ఫలితం రావాలో ముందే తెలిసిన చేతులు, ఆ ఫలితం వస్తేనే పరువు నిలిచే పరిస్థితిలో చేసిన ప్రయోగమది. కావాలంటే దాన్ని వేరే పత్రంగా, కొత్త తేదీతో, కొత్త సమీక్షకు పంపుకోవచ్చు. పాత పత్రంలోకి దొడ్డిదారిన చొప్పించడం చరిత్రను దిద్దడమే.

ఇంకో సంగతి. బ్లాట్ కింద సాధారణంగా ఒక బార్ గ్రాఫ్ ఉంటుంది. మూడు సార్లో నాలుగు సార్లో చేసిన ప్రయోగాల్లో పట్టీల ముదురుదనాన్ని కొలిచి, కంట్రోల్ పట్టీ విలువతో భాగించి గీసేది అది. కంట్రోల్ పట్టీ తప్పని తేలితే భాగహారంలో హారమే తప్పు. అప్పుడు గ్రాఫ్ మారాలి, తేడా కాకతాళీయం కాదని సూచించే నక్షత్రం గుర్తులు, పి విలువలు మళ్లీ లెక్క కట్టాలి. గ్రాఫ్ మారకపోతే, ఆ అంకెలు సరైన చిత్రం నుంచే వచ్చాయని అప్పటి కొలతల పట్టికతో రుజువు చేయాలి. సవరణ ప్రకటనలో చిత్రం మారి, దాని కింది గ్రాఫ్ దశాంశం కూడా కదలకుండా ఉంటే, ఆ అంకెలు దేన్ని కొలిచి వచ్చాయని సంపాదకుడు అడగాలి. అడగకుండానే 'నిర్ధారణలకు భంగం లేదు' అని అచ్చు వేయడం చూస్తే మాకు ఒళ్లు మండుతోంది.

ఈ ఆనవాయితీ ఎటు దారితీస్తుందో తెలియనిది కాదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో భౌతిక శాస్త్రవేత్త యాన్ హెండ్రిక్ షోన్ వేర్వేరు పదార్థాలపై చేశానన్న ప్రయోగాల గ్రాఫుల్లో గజిబిజి గీతలు సైతం అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉన్నాయని 2002లో బయటి శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఆయన మొదటి జవాబు, పొరపాటున ఒకే గ్రాఫ్‌ను రెండు చోట్లకు పంపానని. ఆ మాటతో ఊరుకుని గ్రాఫ్ మార్చుకోనిస్తే కథ అక్కడితో ముగిసేది. వెతికినవారికి మరో నకలు దొరికింది. దర్యాప్తు సంఘం ముడి డేటా అడిగితే చాలావరకు లేదన్నారు. పరిశీలించిన 24 ఆరోపణల్లో 16 విషయాల్లో అక్రమం జరిగిందని సంఘం తేల్చింది.

వైద్య జర్నల్ లాన్సెట్‌లో 1998లో వచ్చిన పత్రం ఇంతకన్నా చేదు పాఠం. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆ పత్రానికి ఆధారం 12 మంది పిల్లలు. 2004లో 13 మంది రచయితల్లో 10 మంది 'వ్యాఖ్యానాన్ని మాత్రం' వెనక్కి తీసుకున్నారు. పత్రం నిలిచే ఉంది. పూర్తి ఉపసంహరణకు 2010 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ సగం సవరణకూ ఉపసంహరణకూ మధ్య ఆరేళ్లపాటు అది లాన్సెట్ పత్రంగానే చలామణి అయింది, తల్లిదండ్రులను భయపెడుతూనే ఉంది.

సవరణకూ ఉపసంహరణకూ మధ్య తేడా మాటల్లోనే కాదు, యంత్రాంగంలోనూ ఉంది. ఉపసంహరించిన పత్రం మీద జర్నల్ ఎర్ర ముద్ర వేస్తుంది. ఉపసంహరణలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ జాబితాలో అది చేరుతుంది; పరిశోధన పత్రాల వివరాలను నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ చేతికి ఆ జాబితా 2023లో వచ్చింది. జొటేరో లాంటి ఉదాహరణల సాఫ్ట్‌వేర్ వాడేవారికి తెర మీద హెచ్చరిక కనిపిస్తుంది. సవరించిన పత్రానికి ఆ స్థాయి హెచ్చరిక లేదు. ఐదేళ్ల కిందట దించుకున్న పీడీఎఫ్‌లో పాత బొమ్మే ఉంటుంది. ఆ కాపీని పట్టుకుని సమీక్షా వ్యాసం రాసేవారికి, దాని ఆధారంగా కొత్త మందు ప్రయోగం తలపెట్టేవారికి ఏమీ తెలియదు. సవరణతో సరిపెట్టాలని ల్యాబ్‌లు ఎందుకు పట్టుబడతాయో ఇక వేరే చెప్పాలా?

పైగా ఈ ఔదార్యం అందరికీ దక్కదు. 2023లో ప్రపంచవ్యాప్తంగా 10,000కు పైగా పత్రాలు ఉపసంహరణకు గురైతే అందులో 8,000కు పైగా హిందావి అనే ప్రచురణ సంస్థ జర్నళ్లవే. పత్రాలు అమ్మే ముఠాల సరుకును కట్టలు కట్టలుగా తీసిపారేశారు. మంచిదే. ఊరూపేరూ లేని రచయితల మీద ఆ దూకుడు చూపగలిగిన ప్రచురణ సంస్థలు, పేరున్న ల్యాబ్ దగ్గరకు వచ్చేసరికి సంస్థాగత విచారణ నివేదిక కోసం ఏళ్లకేళ్లు కాచుకుంటున్నాయి. ఆ విచారణ చేసేదేమో ఆ ల్యాబ్ గ్రాంటుల్లో వాటా తీసుకునే విశ్వవిద్యాలయమే. నాలుగు పేరాలు ఎత్తిరాసిన విద్యార్థి డిగ్రీ పోగొట్టుకుంటాడు. నాలుగు పట్టీలు అతికించిన ల్యాబ్ అధిపతికి సవరణ ప్రకటన దక్కుతుంది.

ఉపసంహరణ అంటే ఉరిశిక్ష కాదు. ప్రచురణ నైతికతా సంఘం కోప్ మార్గదర్శకాలు దాని ఉద్దేశం పరిశోధన సాహిత్యాన్ని సరిదిద్దడమే, రచయితను శిక్షించడం కాదని స్పష్టంగా చెబుతున్నాయి. నోబెల్ గ్రహీత ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2019లో సైన్స్‌లో వచ్చిన తన పత్రాన్ని 2020 జనవరిలో తానే వెనక్కి తీసుకున్నారు. ప్రయోగం మళ్లీ చేస్తే ఫలితం రాలేదని, మొదటి రచయిత నోట్‌బుక్‌లో కీలక ప్రయోగాల ముడి డేటా కనబడలేదని దాచకుండా చెప్పారు. 'నిర్ధారణలకు భంగం లేదు' అనలేదు. ఆమె గౌరవం తగ్గలేదు, పెరిగింది. ఆర్సెనిక్‌తో బతికే బ్యాక్టీరియా ఉందన్న పత్రాన్ని సైన్స్ 2025లో ఉపసంహరించినప్పుడు ఎవరి మీదా మోసం ఆరోపణ చేయలేదు. డేటా నిర్ధారణను మోయడం లేదని చెప్పింది, అంతే. రచయితలు ఒప్పుకోలేదు, అయినా వెనుకాడలేదు.

చేయడానికి వీల్లేని పనేమీ మేము అడగడం లేదు. జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ 2002 నుంచే, అంగీకరించిన ప్రతి పత్రంలోని చిత్రాలను అచ్చుకు ముందే సిబ్బందితో పరీక్షింపజేస్తోంది. అచ్చుకు ముందు పట్టుకుంటే ఒక్కో పత్రానికి సుమారు అరగంట, ఆ తర్వాతైతే సుమారు 6 గంటల సిబ్బంది సమయం పడుతోందని పైన చెప్పిన 960 పత్రాల అధ్యయనమే లెక్క తేల్చింది. ఆ అరగంట వెచ్చించని జర్నళ్లలో కొన్ని రచయితల నుంచి ప్రచురణ రుసుము మాత్రం ముందే వసూలు చేసుకుంటున్నాయి.

సంపాదకులకు మేము నేరుగా చెప్పదలచింది ఇదే. సవరణ కోరుతూ వచ్చిన ఉత్తరానికి ముందుగా తేదీ ఉన్న అసలు ఫైలు, ప్రొటీన్ల సైజు తెలిపే మార్కర్ గీతలతో సహా కత్తిరించని పొర, నోట్‌బుక్ పేజీ, గ్రాఫ్ వెనక కొలతల పట్టిక జత చేయమనండి. వచ్చినవాటిని సవరణ ప్రకటనతో పాటే పాఠకుల ముందు పెట్టండి. గడువులోగా రాకపోతే ఆ రోజే పత్రం మీద అనుమానాలున్నాయని పాఠకులను హెచ్చరించే ఆందోళన ప్రకటన వేయండి, ఆపైన ఉపసంహరించండి. ఇవేవీ చూడకుండా 'నిర్ధారణలకు భంగం లేదు' అన్న వాక్యం కింద మీ జర్నల్ పేరు వేస్తున్నారంటే, మీరు చూడని ప్రయోగానికి మీరే జామీను పడుతున్నారు. ఆ అధికారం మీకు ఎవరిచ్చారు?