సవరణ: 30 నానోమీటర్ల పోగు గురించి

కణకేంద్రకం మీద కిందటిసారి రాసినప్పుడు ఒక పెద్ద పొరపాటు చేశాను. డీఎన్‌ఏ ముందు హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని పూసల దండలా తయారవుతుందని, ఆ దండ మళ్లీ మెలి తిరిగి ప్రతి కణంలోనూ 30 నానోమీటర్ల మందం పోగు అవుతుందని రాశాను. మొదటి సగం సరైనదే. రెండో సగం తప్పు.

ఆ పోగు బొమ్మ 1976లో ఫించ్, క్లుగ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించిన నమూనా నుంచి వచ్చింది. వాళ్లు చూసింది కణంలోంచి బయటికి తీసిన క్రొమాటిన్‌ని, అంటే డీఎన్‌ఏ, హిస్టోన్లు కలిసిన పదార్థాన్ని. బయట ఉప్పు మోతాదు మారితే చాలు, దాని ఆకారమే మారిపోతుంది. మరి లోపల ఎలా ఉంటుంది? 2017లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో క్లోడా ఓషే బృందం దీన్ని నేరుగా చూసింది. డీఎన్‌ఏకి అంటుకునే రంగు వేసి, దాని మీద కాంతి పడేలా చేశారు. అప్పుడు డీఎన్‌ఏ పొడవునా ఒక పాలిమర్ పేరుకుంది. దానికి ఆస్మియం అనే బరువైన లోహం పట్టించాక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో డీఎన్‌ఏ మాత్రమే నల్లగా తేలింది. కనిపించినవి 5 నుంచి 24 నానోమీటర్ల మందమున్న గొలుసులు, ఒక క్రమం లేకుండా, కొన్నిచోట్ల పలుచగా, కొన్నిచోట్ల ఒత్తుగా. నాకైతే ఆ చిత్రం పాత బొమ్మకన్నా ఎంతో అందంగా అనిపించింది.

అలాగని 30 నానోమీటర్ల పోగు అసలే లేదని కాదు. కోడి ఎర్ర రక్తకణాల కేంద్రకాల్లో అది కనిపించింది.

ఇంకొకటి: కణకేంద్రకం లోపల ఉండే న్యూక్లియోలస్ అనే ముద్ద చుట్టూ పొర ఉంటుందని రాశాను. ఉండదు.