శ్రుతి తప్పేవాళ్లని క్వయర్‌లోంచి తీసేయక్కర్లేదు

క్రిస్మస్ ప్రాక్టీసులు మొదలయ్యాయంటే చాలు, క్వయర్ గ్రూపుల్లో ఒక వాట్సాప్ మెసేజ్ మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. అందులో ఉండేవి నాలుగు మాటలు. శ్రుతిజ్ఞానం పుట్టుకతో రావాలి కాబట్టి అది లేనివాళ్లని పక్కన పెట్టండి. గట్టిగా పాడితే స్వరం జారదు. తేనె, మిరియాల కషాయం స్వరపేటికకు పూతలా పట్టి గొంతు సాఫవుతుంది. కీబోర్డు ఆపకుండా వాయిస్తూ ప్రాక్టీస్ చేస్తే శ్రుతి దానంతటదే కుదురుతుంది.

చాలా ఏళ్లుగా మా చర్చిలో క్వయర్‌కి పాటలు నేర్పుతున్నాను. మొదటి మాట చదివితే నాకు బాధేస్తుంది, కోపమూ వస్తుంది. దాన్ని నమ్మి పాడాలని ఆశపడి వచ్చినవాళ్లని ఇంటికి పంపేస్తున్నారు.

స్వరాల మధ్య తేడానే పట్టలేని స్థితి ఒకటి నిజంగానే ఉంది. అమ్యూజియా అంటారు. 2017లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన లెక్కలో అది 1.5 శాతం మందికే ఉంది. ముప్పై మంది క్వయర్‌లో అలాంటివాళ్లు ఒక్కరు కూడా ఉండకపోవచ్చు. శ్రుతి తప్పేవాళ్లలో చాలామంది పక్కవాడు తప్పితే ఇట్టే పట్టేస్తారు. చెవి బాగానే ఉంది, విన్నదాన్ని గొంతులోకి తెచ్చుకోవడమే అలవాటు కాలేదు.

బాస్‌లో, అంటే మగవాళ్లలో కింది స్థాయి పాడే వరసలో, చేరిన ఒక తమ్ముడు నేను కీబోర్డు మీద ఏ స్వరం ఇచ్చినా దానికి రెండు మూడు మెట్లు కిందే పాడేవాడు. "నా గొంతింతే సార్, వెనక నిలబడి ఊరికే పెదాలు కదుపుతాను" అన్నాడొకరోజు. నేను కీబోర్డు ఆపేసి, "నీకు హాయిగా వచ్చే స్వరం ఏదో ఒకటి 'ఊ' అని పట్టు" అన్నాను. పట్టాడు. ఈసారి నేనే వెళ్లి అతని స్వరంలో కలిశాను. రెండు గొంతులూ ఒకటైపోయేసరికి ఉలిక్కిపడి నా వైపు చూశాడు. కలిస్తే ఎలా ఉంటుందో అతనికి తెలిసింది అప్పుడే. అక్కణ్ణించి అర మెట్టు పైకి, ఇంకో అర మెట్టు. ప్రాక్టీసుకి ముందు పది నిమిషాల చొప్పున కొన్ని వారాలు కూర్చున్నాం. ఇప్పుడు పక్కవాళ్లు అతన్ని ఆనుకుని పాడుతున్నారు. అన్నట్టు, మగవాళ్లకి స్వరం మగగొంతుతోనే ఇప్పించండి. ఆడగొంతు పై స్థాయిలో పాడి చూపిస్తే చాలామంది తడబడతారు.

ఇక గట్టిగా పాడటం. పక్కవాళ్ల గొంతు మనల్ని ముంచేస్తే మన గొంతు మనకే వినబడదు. తెలియకుండానే ఇంకా పెంచుతాం, వాళ్లూ పెంచుతారు. గాలి ఒత్తిడి ఎక్కువైతే స్వరం పైకి ఎగబాకుతుంది, అలిసిపోయాక కిందికి జారుతుంది. ఒకే స్వరం వరసగా నాలుగైదు సార్లు వచ్చినచోట, అవరోహణలో, పాదం చివర ఊపిరి అయిపోయినచోట జారడం మరీ ఎక్కువ. అక్కడ సగం గొంతుతో, ఒకరికొకరు చేయి చాపినంత ఎడంగా నిలబడి పాడించి చూడండి. అచ్చులు కూడా చూసుకోవాలి. "దేవా"లో 'ఏ'ని ఒకరు పళ్లు కనపడేలా సాగదీసి, ఇంకొకరు లోపలికి మింగేసి పాడితే, స్వరం ఒకటే అయినా కలవనట్టే వినిపిస్తుంది. హల్లులు తీసేసి, 'ఏ-ఆ' అని చరణమంతా అచ్చులతోనే పాడిస్తే ఎక్కడ తేడా వస్తోందో తెలిసిపోతుంది.

కషాయం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మింగింది అన్నవాహికలోకి పోతుంది. స్వరపేటికలోకి పోతే పొలమారుతుంది. దగ్గుకి తేనె హాయినిస్తుంది, కాదనను. కానీ స్వరతంత్రులు తడిగా ఉండాలంటే రోజంతా నీళ్లు తాగాలి.

కీబోర్డు దగ్గరే అసలు పేచీ. అది సప్తకాన్ని 12 సమాన భాగాలు చేస్తుంది, ఒక్కోటి 100 సెంట్లు (స్వరాల మధ్య దూరాన్ని కొలిచే కొలత). స, గ, ప కలిపి మోగించే మేజర్ కార్డ్‌లో మధ్య స్వరం, అంటే మన అంతర గాంధారం (గ), కీబోర్డులో షడ్జమానికి (స) 400 సెంట్ల పైన ఉంటుంది. గొంతులు సహజంగా కలిసిపోయే చోటు 386 దగ్గర. తంబురా శ్రుతి బాగా కుదిరితే ఎవరూ మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారం ఆ చోటుదే. వాద్యం లేకుండా పాడే నాలుగు గొంతుల పాటలో ఈ 14 సెంట్లు చెవికి తెలుస్తాయి. ఆరాధనలో కీబోర్డుతో పాడేటప్పుడు దానికే కలవాలి, నిజమే. ప్రాక్టీసంతా దాన్ని మోగిస్తూ కూర్చుంటే మాత్రం అందరూ దాని చాటున పాడతారు, ఒకరినొకరు వినడం మానేస్తారు.

మేం తంబురా యాప్ పెట్టుకుంటాం. బాస్ షడ్జమం, టెనర్లు (మగవాళ్లలో పై స్థాయి పాడేవాళ్లు) పంచమం పట్టాక ఆల్టోలు (ఆడవాళ్లలో కింది స్థాయి పాడేవాళ్లు) గాంధారం మెల్లగా కలుపుతారు. కలవనంతసేపు గాలిలో ఒక ఊగు వినిపిస్తుంది. అది ఆగేదాకా అందరూ వింటూ సర్దుకుంటారు. పాటకి మొదటి స్వరం మాత్రం కీబోర్డు మీద ఇచ్చి, ప్రతి చరణం చివర ఒక్క మెట్టు నొక్కి చూసుకుంటాం. పోయిన వారం రెండో చరణం అయ్యేసరికి అర మెట్టు దిగిపోయాం. వెతికితే మూడో పాదంలో దొరికింది, 'ఏ' మీద ఒకే స్వరం నాలుగు సార్లు వచ్చే చోటు. ఈ వారం ప్రాక్టీసు ఆ పాదంతోనే మొదలు.