శ్రమలకు ముందా, తరువాతా: ఈ తగవును రక్షణకు కొలబద్దగా చేయకండి

సంఘము ఎత్తబడుట, అంటే విశ్వాసులు ప్రభువును కలుసుకోవడానికి మేఘాల్లోకి కొనిపోబడటం, లోకాంతానికి ముందు వస్తాయనే ఏడేండ్ల మహాశ్రమలకు ముందే జరుగుతుందని నమ్మనివాడు అసలు రక్షింపబడినవాడే కాడని మా దేవరకొండ చుట్టుపక్కల కూడికల్లో ఈ మధ్య మైకు పెట్టి మరీ చెబుతున్నారు. ఈ మాట నాకు సమ్మతం కాదు. ప్రభువు తిరిగి వస్తాడన్నది మనందరి విశ్వాసం, కతోలికులైనా, సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వారైనా, బాప్టిస్టులైనా, పెంతెకోస్తు వారైనా దానిని ఒప్పుకోని సంఘం లేదు. ఆ రాకడ శ్రమలకు ముందా, మధ్యలోనా, తరువాతా అన్నది మాత్రం వాక్యం చదివి మనుషులు కట్టుకున్న వ్యాఖ్యానం.

కూడికలకు వెళ్లేవారందరికీ రాకడ క్రమాన్ని చూపే ఆ చార్టు తెలుసు. వేదిక వెనుక కట్టిన తెల్లగుడ్డ మీద ఎడమ పక్కన సిలువ, అక్కడి నుండి సంఘకాలమని పొడవాటి గీత, గీత చివర పైకి లేచిన ఎర్రబాణం, దాని కొసన మేఘాల్లోకి తేలిపోతున్న తెల్లబట్టల మనుషులు ఉంటారు. కింద నల్లరంగు పూసిన ఏడేండ్ల పెట్టె, దాన్ని నడిమికి చీల్చి మూడున్నర, మూడున్నర అని అంకెలు, ఆ పక్కన వెయ్యేండ్ల పరిపాలన. ఆ నల్లపెట్టెలో మిగిలిపోయేది ఎవరో చెప్పే సమయానికి బోధకుడి చేతికర్ర ఎప్పుడూ వెనుక వరుసల వైపే తిరుగుతుంది. నాకు అది ఎన్నడూ నచ్చలేదు.

ఈ చార్టు మొత్తం ఒక్కచోట ఉన్న అధ్యాయం బైబిలులో ఒక్కటీ లేదు. దానియేలు తొమ్మిదో అధ్యాయంలోని డెబ్బది వారాల్లో చివరి వారాన్ని విడదీసి, నడుమ సంఘకాలాన్ని పెట్టి, ఆ వారాన్ని ఏడేండ్లుగా లెక్కకట్టి, దానికి ప్రకటన గ్రంథంలో తీర్పులుగా వచ్చే ముద్రలను, బూరలను, పాత్రలను జతచేస్తే ఆ పెట్టె తయారవుతుంది. ఎర్రబాణం మొదటి థెస్సలొనీకయుల పత్రిక నాలుగో అధ్యాయం నుండి వచ్చింది. అక్కడ పౌలు, చనిపోయిన తమవారు ప్రభువు రాకడలో పాలు పొందరేమోనని దుఃఖిస్తున్న విశ్వాసులను ఓదారుస్తున్నాడు. మృతులు మొదట లేస్తారని, సజీవులు వారితో కలిసి మేఘాల మీద కొనిపోబడతారని చెప్పి, ఈ మాటలచేత ఒకరినొకరు ఆదరించుకొనుమన్నాడు. అది ఏడేండ్లకు ముందో వెనుకో అక్కడ చెప్పలేదు. రెండవ పత్రికలో మాత్రం, మొదట భ్రష్టత్వం సంభవించి పాపపురుషుడు, అంటే క్రీస్తు విరోధి, బయలుపడితే గాని ఆ దినం రాదని స్పష్టంగానే రాశాడు. మత్తయి 24లో ప్రభువే, ఆ దినముల శ్రమ ముగిసిన వెంటనే మనుష్యకుమారుడు మేఘారూఢుడై వచ్చి, గొప్ప బూర శబ్దంతో ఏర్పరచుకొన్నవారిని పోగుచేయిస్తాడని చెప్పాడు. నేను శ్రమల తరువాతనే అని నమ్మడానికి ఈ రెండు భాగాలే కారణం.

అవతలివారి వాదనలో బలం లేదనను. లోకమంతటి మీదికి రాబోయే శోధన కాలంలో నిన్ను కాపాడుతానని ఫిలదెల్ఫియ సంఘానికి చెప్పిన మాట ప్రకటన 3:10లో ఉంది. దేవుడు మనలను ఉగ్రతకు నియమింపలేదని పౌలు రాశాడు. పైగా, ముందు క్రీస్తు విరోధి రావాలంటే ప్రభువు ఏ క్షణమైనా వస్తాడన్న మెలకువ ఏమవుతుందని వారు అడిగే ప్రశ్న సూటిగానే తగులుతుంది. అయితే యోహాను 17లో ప్రభువు తన వారిని లోకంలో నుండి తీసికొనిపొమ్మని ప్రార్థింపలేదు, దుష్టుని నుండి కాపాడుమనే ప్రార్థించాడు. కాపాడటం అంటే తప్పించి తీసుకుపోవడమే కానక్కరలేదు. మధ్యలో ఎత్తబడతామనేవారు, దేవుని ఉగ్రత కుమ్మరింపబడే ముందు ఎత్తబడతామనేవారు కూడా ఉన్నారు, గాని మన పల్లెల్లో వారి గొంతు వినిపించదు.

ముందే ఎత్తబడతామన్నది అపొస్తలుల నాటి నుండి వస్తున్న బోధేనని చెప్పడం మాత్రం చరిత్రకు నిలవదు. శ్రమలకు ముందు ఎత్తబడుటను ఒక పద్ధతిగా కూర్చి ప్రచారం చేసినవాడు ప్లిమత్ బ్రదరెన్ అనే ప్రొటెస్టెంటు వర్గపు నాయకుడు జాన్ నెల్సన్ డార్బీ, 1830ల తరువాత. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ రెఫరెన్స్ బైబిలు పేజీ అడుగున వ్యాఖ్యలుగా దానిని ఇంటింటికీ చేర్చింది. ఆ బ్రదరెన్ వర్గం నుండే 1836లో బౌడెన్, బీర్ అనే మిషనరీలు నరసాపురం ప్రాంతానికి వచ్చారు కాబట్టి మన తెలుగు నేలకు ఆ వర్గం కొత్తేమీ కాదు. కొత్తది కాబట్టి తప్పని నేననడం లేదు. రెండు వందల ఏండ్లయినా నిండని పద్ధతిని ఒప్పుకోనివాడికి రక్షణ లేదంటే, అంతకు ముందు పద్దెనిమిది వందల ఏండ్లలో మరణించిన పరిశుద్ధుల సంగతేమిటని మాత్రం అడుగుతాను.

ఆ దినమును గూర్చి తండ్రి తప్ప ఎవడును ఎరుగడని చదివిన నోటితోనే తేదీలు చెప్పినవారూ ఉన్నారు. అమెరికాలో విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. దక్షిణ కొరియాలో 1992 అక్టోబరు 28 అన్నారు. అమెరికా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అని, అది దాటాక అదే ఏడాది అక్టోబరు 21 అన్నాడు. శ్రమలకు ముందు అని బోధించే మంచి బోధకులు తేదీలను ఖండిస్తారు, అది ఒప్పుకోవాలి. అయినా 2025 సెప్టెంబరులో దక్షిణాఫ్రికా నుండి ఒకాయన చెప్పిన తేదీ వీడియోలుగా మన ఫోన్లలోకి వచ్చినప్పుడు, డిగ్రీ చదువుతున్న మా చెల్లెలి కూతురు ఫోను చేసి, “పెద్దమ్మా, పరీక్ష ఫీజు కట్టాల్నా, ఆగాల్నా?” అని నిజంగానే భయపడి అడిగింది. కట్టుమన్నాను.

మన నల్లగొండకు దగ్గరి సంగతి ఒకటి ఈ బోధకులు ఎన్నడూ ఎత్తరు. యుద్ధం చేయమనే ప్రొటెస్టెంటు వర్గమైన మెనోనైట్లలో, రష్యాలో ఉన్నవారి నడుమ క్లాస్ ఎప్ అనే నాయకుడు మహాశ్రమల నుండి తప్పించుకునే ఆశ్రయం తూర్పున ఉందని నమ్మించి, 1880లో కుటుంబాలతో బయలుదేరిన బండ్ల వెంట మధ్య ఆసియాకు వెళ్లి, చివరకు ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లోని ఖీవా దగ్గర కొందరితో నిలిచాడు. 1889 మార్చి 8న ప్రభువు వస్తాడన్నాడు, రాకపోతే 1891కి మార్చాడు. అవే సంవత్సరాల్లో అదే రష్యా మెనోనైట్లలో నుండి అబ్రాహాం ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్లగొండకు వచ్చి, ఎండకు, జ్వరాలకు ఓర్చి ఇక్కడ సంఘాన్ని కట్టారు. తరువాత వచ్చిన మెనోనైట్ బ్రదరెన్ మిషన్ జడ్చర్లలో ఆసుపత్రి నడిపింది. రాకడను వారూ నమ్మారు. శ్రమ లేని చోటు వెతుక్కుంటూ మాత్రం వారు ఇక్కడికి రాలేదు.

నా కోపానికి అసలు కారణం ఇది. చార్టు ముందు చాపల మీద కూర్చునేది ఎవరు? కరువుకు ఇంటికి తాళం వేసి ముంబై, పూణేలలో అడ్డా మీద నిలబడిన పాలమూరు కూలీలు. మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన పెద్దలు. బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఊరి హోటలులో వేరే గ్లాసులో చాయ్ తాగిన తాతల మనుమలు. వీరికి “విశ్వాసికి శ్రమ రాదు” అని చెబితే, ఇన్నేండ్లు తాము పడ్డది ఏమిటో వారికి అర్థం కాదు; తమ విశ్వాసంలోనే లోపముందేమోనని లోలోపల కుమిలిపోతారు. లోకంలో మీకు శ్రమ కలుగును, అయినను ధైర్యము తెచ్చుకొనుడి అని ప్రభువు చెప్పిన మాట ఆ చాపల మీద కూర్చున్నవారికి చార్టు లేకుండానే అర్థమవుతుంది.

ఈసారి కూడికలు ఏర్పాటు చేసే సంఘపెద్దలకు నా మనవి ఒక్కటే. చార్టు కట్టుకోండి, అభ్యంతరం లేదు. దాని ముందు ప్రకటన 3:10తో పాటు మత్తయి 24:29–31 కూడా బిగ్గరగా చదివించండి. చివరి రాత్రి ఒక అరగంట మైకును వెనుక వరుసలకు ఇవ్వండి. శ్రమల తరువాత అని నమ్మేవారిని ప్రభు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే చోట, ఆపవద్దని మీ బోధకుడికి ముందే చెప్పండి.